కోటమ్మ పెట్టిన మందు

నేను ముప్పై ఏళ్లు మనుషుల కడుపుల్లోంచి మందు ఉండలు తీసినాను. వాటిలో ఒక్కటి కూడా వాళ్ల కడుపులో ఉండింది కాదు. అన్నీ నా వేళ్ల సందున ఉండినవే. ఈ మాట ఇప్పుడు రాయడానికి ధైర్యం ఎట్లా వచ్చిందంటే, నాకు డెబ్బై దాటినాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. రాలగొడదామని వచ్చేవాడికి ఏమీ దొరకదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. పసరు ఎంత పొయ్యాల, ఉండ ఏ వేళప్పుడు జారవిడవాల అని అడుగుతారు. అది రెండు రోజుల్లో వస్తుంది. రానిది ఇంకొకటి ఉంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

మా తట్టు ఒక నమ్మకం ఉంది. ఒక మనిషి ఇంకో మనిషి మీద ఊరికి అర్థం కాకుండా మనసు పడితే, తిండిలో ఏదో పెట్టినారంటారు. దానికి పెట్టుడు మందని పేరు. ఆ మందును కక్కించి, పదిమందికీ చూపించి, బూడిదలో కలిపేవాడు మందు తీసేవాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆ పనిలో పేరున్నవాణ్ణి నేనే. నన్ను మందుల సెట్టి అనేవాళ్లు.

మా అంగడి చదువు

మాది ఆత్మకూరులో పచారీ అంగడి. మా నాయన మిరియాలు, శొంఠి, పిప్పళ్లు అమ్మేవాడు. "మిరియాలు కొనేదానికి వచ్చినవాడికి మిరియాలు అమ్మొద్దురా. వాడి దగ్గును వాడికి అమ్ము. మిరియాలు వాడే అడుగుతాడు" అనేవాడు. ఆ చదువు నాకు బాగా ఒంటబట్టింది. మా అన్న దగ్గు దగ్గరే ఆగినాడు, నేను ఇంకొంచెం ముందుకు పోయి భయాన్ని అమ్మినాను. దానికి తూకం లేదు, పుచ్చు పట్టదు, గిరాకీ తగ్గదు.

ఉండను వెంట్రుకలు, మైనం, బొగ్గుపొడి కలిపి కుంకుడు గింజంత చేస్తాం. రోగికి కక్కు వచ్చేదానికి మంగకాయ కషాయం పట్టిస్తాం, ముందర బూడిద పరిచిన మూకుడు ఉంటుంది. అతను వంగినప్పుడు ఒక చెయ్యి నొసటి మీద పెడతాం, ఇంకో చెయ్యి గడ్డం కింద. నొసటి మీది చెయ్యిని అందరూ చూస్తారు, ఎంత దయగా పట్టుకున్నాడని. పని చేసేది గడ్డం కింది చెయ్యి.

ఇదంతా మోసమే గదా అంటే, మోసమే. కానీ మందు తీసినాక సగం మంది మొగవాళ్లు బుద్ధిగా పెళ్లాం దగ్గరికి పోయేవాళ్లు. తప్పు తనది కాదని పదిమందిలో తేలినాక ఎవరైనా పోతారు. నేను తీసింది మందు కాదు, వాళ్ల తలవంపులు. అట్లా అనుకుని చాలా ఏళ్లు బాగా నిద్రపోయినాను.

వరికుంటపాడు దారిలో

నిద్ర చెడింది ఒక ఊళ్లో. వరికుంటపాడుకు పోయే దారిలో ఉంది ఆ ఊరు. పేరు రాయను. ఒక రైతు మజ్జిగ అమ్మే ఆమె ఇంట్లో ఉండిపోయినాడని పిలిచినారు. ఉండ తీసినాను, చూపించినాను. అంతటితో ఊరుకోకుండా, బేరం బాగా కుదిరిన ఉత్సాహంలో, "ఎవరి చేతిది తాగినావు నాయనా?" అని పైకే అడిగినాను. అతను పేరు చెప్పినాడు. నేను భోంచేసి, తాంబూలం వేసుకుని బయలుదేరినాను. ఊరి చివరికి వచ్చేసరికి వెనక ఒక ఆడమనిషి అరుపు వినిపించింది. మా తట్టు మందు పెట్టిందని రుజువైన ఆడదాని ముందరి పళ్లు రాతితో రాలగొడతారు. నోరు ఆడకపోతే మంత్రం పలకదని లెక్క. నేను వెనక్కి తిరిగి చూడలేదు. నడక మాత్రం పెంచినాను.

రెండేళ్లకు కొండాపురం సంతలో నేనొక గంప దగ్గర వంగి చింతపండు బేరం చేస్తున్నాను. "ఏం గావాల సెట్టీ?" అని అడిగింది అమ్మే ఆమె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. మాటలో గాలి పోతా ఉంది. ఆనాడు ఆ రైతు పేరు చెప్పినప్పుడు గుంపు ఎవరి వైపు తిరిగిందో ఆ ముఖం. ఆమే. నన్ను గుర్తుపట్టలేదు. బేరమాడకుండా కొన్నాను. నా బతుకులో బేరమాడకుండా కొన్న చింతపండు అదొక్కటే.

ఆ తర్వాత ఉండ చూపించినాను గానీ పేరు అడగడం మానేసినాను. దాన్నే నీతి అనుకున్నాను.

ధాత కరువులో

ధాత సంవత్సరం కరువు సంగతి మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఉదయగిరి కొండ మీద పచ్చన కనపడలేదు. కొర్రలు, అరికెలు విత్తినవాళ్లు విత్తనం కూడా తిరిగి చూడలేదు. జనం పేరు తెలియని ఆకులు కోసి వండుకున్నారు. దొరల కరువు పనుల దగ్గర గంజికి నిలబడినారు.

ఆ రోజుల్లో ఒకాయన మా అంగడికి నడిచి వచ్చినాడు. పేరు ఓబులయ్య, ఉదయగిరి పక్క పల్లె. యాభై అయిదేళ్ల మనిషి, మాటంటే ఊరు వింటుంది.

"మా తమ్ముడి కొడుక్కి మందు పెట్టినారు సెట్టీ. తమ్ముడు లేడు. వాడికి నేనే పెదనాయన్ను, నేనే నాయన్ను."

"పేరు చెప్పొద్దు" అన్నాను చెయ్యి ఎత్తి.

"చెప్పేదేముండాది? ఊరంతా ఎరిగిందే. కోటమ్మ. నూలు వడికే ముసిలిది. దానికి అరవై దాటినాయి. మా పెంచలయ్యకు ముప్పై."

నేను నవ్వినాను. ఆయన నవ్వలేదు.

"నవ్వినావు గదా? మేమూ మొదట నవ్వినాం" అన్నాడు.

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. రాను అందామనుకున్నాను. అంటే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడు పేరు అడుగుతాడు. నా మంచితనం కంటే నా మీద నాకున్న గొప్పే నన్ను ఆ దారి పట్టించిందని ఇప్పుడు తెలుసు.

మర్నాడు ఆ ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పెంచలయ్యను కొట్టంలో గుంజకు కట్టేసి ఉంచినారు. కొట్టంలో గొడ్లు లేవు, కరువుకు పోయినాయి. నాకంటే ముందు ఇద్దరు నాటువైద్యులు వచ్చి కక్కించి, ఏమీ దొరక్క పోయినారంట. నాలుగు రోజులుగా కడుపులో ఏమీ లేదు. అతని తల్లి రవణమ్మ గడప మీద కూర్చుని ఉంది. యాభైకి అటూ ఇటూ.

"నాకంటే పదేండ్ల పైన పెద్దదయ్యా ఆ ముండ" అన్నది నన్ను చూసి. "నేను దాన్ని పెద్దమ్మా అని పిలిచేదాన్ని."

కోటమ్మను ఆమె గుడిసెలోనే పెట్టి వాకిలికి ముళ్లకంప అడ్డం వేసినారు. గుడిసె ముందర నలుగురు కూర్చున్నారు. ఒకడి ఒళ్లో గుండ్రాయి ఉంది.

"తీసేముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాల" అన్నాను. అట్లాంటి పద్ధతి ఏమీ లేదు. కాస్త గడువు కోసం అన్నాను.

పెంచలయ్య చెప్పింది

"ఏం పెట్టిందిరా నీకు?" అని అడిగినాను.

"ఈ కరువులో ఎవరు ఎవరికి పెడతారు సెట్టీ?" అన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. అయినా నవ్వినాడు.

అతని మనువు చెడిందని ఓబులయ్య దారిలో చెప్పినాడు. అది అడిగితే, "చెడలేదు. నేనే చెడగొట్టినాను" అన్నాడు. "నా ఈడుది. మంచి మనిషి. అందరూ బాగుండాదన్నారు. నాకూ బాగుండాదనే అనిపించె, గోడ మీది బొమ్మ బాగుండాదన్నట్టు. పక్కన పడుకుంటే నా ఒళ్లు కట్టె. ఒక ఏడాది చూసి నేనే వాళ్ల నాయనను పిలిపించి, ఇంకో చోట ఇయ్యండి, ఆమె తప్పేమీ లేదు అని చెప్పినాను. ఇప్పుడు బిడ్డలతో సుఖంగా ఉండాది."

"మరి నీ సంగతి?"

"నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ ఇంతే సెట్టీ. కోతలప్పుడు కూలోళ్లు వస్తే నా ఈడోళ్లు పడుచుల వంక చూసేవాళ్లు. నా కళ్లు నెరిసిన తల మీదికే పొయ్యేవి. మోకాలి మీద చెయ్యానించి లేస్తారు చూడు, ఆ లేవడం. మెడ దగ్గర చర్మం సన్నగా, బట్ట ఉతికి ఉతికి మెత్తనైనట్టు ఉంటుంది, అది. ఎవరితోనూ అనలేదు. అంటే ఏమంటారో తెలుసు. కోటమ్మ దగ్గర ఊరుకోలేకపోయినాను."

నాకు తెలిసిన తెలివంతా ఉపయోగించి, "అది మమకారం రా. తల్లి మీద ఉండేట్టుదే" అన్నాను.

"మా అమ్మ అదిగో, గడప మీద ఉండాది. ఆమె మీద ఉండేది మమకారం. ఇది వేరే. నేను మొగోణ్ణి, ఆ తేడా నాకు తెలీదా?"

నేను చాలా మంది రోగులను చూసినాను. ఎవరి కడుపులోనూ మందు లేదు గానీ, అందరికీ తీయించుకోవాలనే కోరిక ఉండేది. తీయించుకోవాలని లేని మనిషిని చూడటం అదే మొదలు. అంగడికి వచ్చినవాడికి ఏమీ అవసరం లేకపోతే అంగడివాడు ఏం చేస్తాడు?

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. అరవై దాటిన మొగవాడు ముప్పై ఏళ్ల దాన్ని చేసుకుంటే ఊరంతా వెళ్లి భోంచేసి వస్తుంది. వంటలు ఎట్లా ఉండినాయో చెప్పుకుంటుంది. అదే తలకిందులైతే మందంటుంది. కొందరి కోరిక ముసలితనం వైపే తిరిగి ఉంటుంది. అది ఆస్తి కోసం కాదు, మతిపోయి కాదు, ఎవరో తిప్పితే తిరిగింది కాదు. ఇద్దరూ పెద్దవాళ్లయి, ఇద్దరికీ ఇష్టమైతే అందులో తీయాల్సింది ఏమీ లేదు. ఈ మాట నేను ఆనాడు కొట్టం బయటికి వచ్చి చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత కాగితం మీద చెప్తున్నాను. నా ధైర్యం కొలత అంత.

ముళ్లకంప ఇవతల

కోటమ్మ బక్కపలచని మనిషి. తల ముగ్గుబుట్టలా ఉంది. కంప సందులోంచి నన్ను చూసి, "పండ్లు లెక్కబెట్టుకునేదానికి వచ్చినావా?" అన్నది. "ఆరే ఉండాయి. వాళ్ల కష్టానికి గిట్టదు."

నేను కూర్చున్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"మొదట వచ్చి నా దడి కట్టిపోయినాడు. ఇంకో రోజు నేను తల దువ్వుకుంటుంటే చూస్తా కూర్చున్నాడు. ఏందిరా అంటే, ఏమీలా, నువ్వు దువ్వుకో అంటాడు. గేలి చేస్తున్నాడనుకున్నా. పొరక తీసుకుని తరిమినా. ఒక ఏడాది తరిమినా సెట్టీ! నా చెయ్యి నొప్పి పుట్టింది గానీ వాడు రావడం మానలా."

"తర్వాత?"

"నా మొగుడు పోయేటప్పటికి నాకు పాతికేండ్లు. నలభై ఏండ్లు నా చెయ్యి ఎవరూ పట్టుకోలా. ఒళ్లు చచ్చిపోయిందనుకున్నా. చావలా. సిగ్గుగా ఉండాది, అయినా చెప్తున్నా, చావలా."

కంప దగ్గరికి జరిగి ఆమె అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నాకు తెలీకుండా నా చేతిలోంచి ఏమన్నా పోయిందేమో? కరువుకు ఏదేదో ఆకు కోసి వండినా. వాడికీ పెట్టినా. అందులో ఏమన్నా ఉండిందేమో? లేకుంటే వాడు నన్నెందుకు చూస్తాడు, నువ్వు చెప్పు. ఉంటే తీసెయ్యి. నేను తట్టుకుంటా."

'లేదమ్మా, నిన్ను చూసే వచ్చినాడు' అని ఒక్క మాట అనాల్సింది. నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ గుండ్రాయి ఒళ్లో పెట్టుకున్నవాడు పది బారల దూరంలో ఉన్నాడు. మందనేదే లేదని నా నోటితో నేను అంటే, నేను అంతకుముందు తీసిన ఉండలన్నీ ఏమిటని అడుగుతారు. తన సరుకు పుచ్చని చెప్పే అంగడివాణ్ణి నేను చూడలేదు. "చూస్తాలే" అని లేచినాను. ఈ వృత్తిలో నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది ఆ 'చూస్తాలే'.

ఓబులయ్యతో బేరం

ఓబులయ్యను పక్కకు పిలిచినాను. "ఒకవేళ మందు లేదని తేలితే?" అన్నాను, తేలిగ్గా అడిగినట్టు.

"లేకుంటే అది చేతబడి" అన్నాడు ఆయన తడుముకోకుండా. "మందు పెట్టినదానికి పండ్లు తీసి వదుల్తాం. చేతబడి చేసినదాన్ని గుడిసెతో సహా తగలబెడతాం. కరువు కూడా దాని పనే అంటున్నారు ఊళ్లో."

లేదంటే నిప్పు, ఉందంటే రాయి. నడుమ దారి ఏదీ కనపడలేదు. ఆయన వెనక మనుషులు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. తినడానికి లేని మనుషులు నాలుగు రోజులుగా దీని కోసమే కూర్చున్నారు. నా వైపు ఎట్లా చూస్తున్నారంటే, నేను ఏదో ఒకటి చేతిలో పెట్టకపోతే నన్నే తింటారనిపించింది.

అప్పుడు ఓబులయ్య కంప తీయించి కోటమ్మను జుట్టు పట్టుకుని బయటికి లాగినాడు. కొట్టం వాకిట్లోంచి పెంచలయ్య చూసినాడు. ఒక్క కేక పెట్టి, కట్టేసిన గుంజకు వేలాడిపోయినాడు. కళ్లు తేలేసినాడు. నాలుగు రోజుల పస్తుకు పడినాడో, నటించినాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పలేదు.

బేరగాడికి సందు కనపడితే చాలు.

"వదలండి!" అని అరిచినాను. "మందు ఉండాది! కడుపులో లేదు, నెత్తురులో కలిసింది. ఇద్దరి ప్రాణాలు ఒకే ముడి పడినాయి. ఆమెకు దెబ్బ తగిలితే ఇతనికి తగులుతుంది. ఆమె పోతే ఇతను పోతాడు!"

ఓబులయ్య చెయ్యి ఆగింది గానీ జుట్టు వదల్లేదు. వదిలించింది రవణమ్మ. గడప మీద నుంచి ఉరికి వచ్చి బావగారి చెయ్యి కొరికింది. "నా కొడుకయ్యా! నా ఒక్క కొడుకు! దాన్ని వదులు!" అని.

గుండ్రాయి పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టినాడు.

అంతలో రవణమ్మ నా వైపు తిరిగి, "అయ్యా, ఈ కరువులో అది ఆకలితో పోతే?" అని అడిగింది. ఆ సంగతి నాకు తట్టలేదు. అయినా తడుముకోకుండా, "పోతే ఇతనూ పోతాడు" అన్నాను.

ఆ సాయంత్రం నుంచి రవణమ్మ తన ఇంటి గంజిలో సగం తీసి కోటమ్మ గడపలో పెడతా వచ్చింది. గడప దాటకుండా, ముఖం చూడకుండా పెట్టింది. పెంచలయ్య ఆ గుడిసెలో ఉండిపోయినాడు, ఎవరూ అడ్డం చెప్పలేదు. కరువు ఆ పల్లెలో ఎందరినో తీసుకుపోయింది గానీ కోటమ్మను ముట్టలేదు. నాకు నా తెలివి మీద ఎంత మురిపెం కలిగిందంటే, తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నాతో నేనే మాట్లాడుకున్నాను.

అమ్మిన సరుకు

ఆ సరుకుకు వెల ఎవరు కట్టినారో నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

వానలు పడినాయి. వానల వెనక చలిజ్వరాలు వచ్చినాయి. ఒక పొద్దున రవణమ్మ ఆత్మకూరుకు నడిచి వచ్చింది, కాళ్లు బురద.

"ముసిలిది జ్వరంతో పడింది సెట్టీ. నీళ్లు తప్ప ఏమీ దిగడంలా. అది పోతే నా బిడ్డ పోతాడంటివి. ముడి విప్పు."

ఆమె నాకంటే ముందు నడిచింది. ఆ దారిలో నాకు పట్టిన భయం ఎన్నడూ పట్టలేదు. కోటమ్మ పోయి పెంచలయ్య బతికితే నా మాట అబద్ధమని తేలుతుంది, నన్ను బతకనియ్యరు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. నమ్మకంతో చచ్చినవాళ్లను నేను చూసినాను. ఫలానా రోజు పోతావని చెప్తే, ఏ రోగమూ లేకుండా ఆ రోజుకు పోయినవాళ్లు ఉన్నారు. పెంచలయ్య కూడా నా మాట నమ్మి ఉంటే?

మీరు కంగారు పడకుండా ముందే చెప్తున్నాను. కోటమ్మ ఇంకో ఎనిమిది రోజులకు పోయింది. పెంచలయ్య పోలేదు. ఏడ్చినాడు, కర్మ చేసినాడు, బతికినాడు. నేను చెప్పాల్సింది అది కాదు, మేము ఆ ఊరు చేరిన రోజు గుడిసెలో జరిగింది.

లోపల కోటమ్మ గోడవారగా పడుకుని ఉంది. పెంచలయ్య ఆమె తల ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో చిక్కు తీస్తున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"నమ్మినావా రా, ముడి సంగతి?" అని గుసగుసగా అడిగినాను.

"నేను నమ్మలా. ఈమె నమ్మింది" అన్నాడు. "నీ మాట విన్నాక ఎవరి ఇంటికీ పోలా. బావి దగ్గరికి రానియ్యరు, నీళ్లు నేనే తెస్తా. ఈమె ఎదురొస్తే బిడ్డలను లోపలికి లాక్కుంటారు. ఈమె చేతిది ఏదీ ఎవరూ ముట్టరు. అది గూడా ఓర్చుకునింది. రోజూ నన్ను ఒకటే అడుగుతుంది, నువ్వు వచ్చింది నా కోసమా, మందు వల్లనా అని."

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. రవణమ్మ గడప అవతల నిలబడి చూస్తా ఉంది. నేను మళ్లీ బేరమే ఎంచుకున్నాను. "ఆమె తన చేత్తో అతనికి నీళ్లు ఇచ్చి, తిరిగి తీసుకున్నా అని మూడుసార్లు అంటే ముడి విడిపోతుంది" అని చెప్పినాను. ఎవరికీ నష్టం లేని తంతు కదా అనుకున్నాను.

పెంచలయ్య చెంబు ఆమె చేతికి ఇచ్చినాడు.

"ఆగు!" అన్నది రవణమ్మ. "చచ్చేదాని చేతి నీళ్లు. మందు పెట్టినోళ్లు పోతా పోతా ఇచ్చేది వేరే ఉంటుందంటారు. వాణ్ణి తోడు తీసుకుపోతే? ముందు నువ్వు తాగు సెట్టీ."

తాగడానికి ఏముంది? అందులో బావి నీళ్లు తప్ప ఏమీ లేవని ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ మందును పుట్టించింది నేను. చెంబు అందుకున్నాను. కోటమ్మ వేళ్లు జ్వరంతో వేడిగా తగిలినాయి. పెదాల దాకా ఎత్తినాను.

చెయ్యి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మింగలేకపోయినాను. పెదాలు తడుపుకుని, గొంతు కదిలించి, తాగినట్టు చేసి దించినాను. గడ్డం కింది చెయ్యితో ముప్పై ఊళ్లను మోసం చేసినవాణ్ణి, నీళ్లు తాగినట్టు నటించడం నాకొక లెక్కా!

కోటమ్మ కింద నుంచి నా గొంతునే చూస్తా ఉంది.

"సరుకు ఎంత బాగా అమ్మినావు సెట్టీ" అన్నది. గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. "ఆఖరికి నువ్వే కొనుక్కున్నావు."

నేను తల వంచుకున్నాను. రవణమ్మ గడప దగ్గర నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రెండేళ్లలో ఒక్కసారీ దాటని ఆ గడప దాటి లోపలికి వచ్చింది. నా చేతిలోని చెంబు లాక్కుంది. కొడుకు వైపు ఒకసారి చూసి, కళ్లు గట్టిగా మూసుకుని, చెంబు అడుగంటా తాగేసింది.

"అమ్మా!" అన్నాడు పెంచలయ్య.

ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుంది. చావు కోసం కూర్చుందని నాకు అర్థమైంది. నేను నమ్మనిదానికి భయపడినాను, ఆమె నమ్మినదాన్ని కొడుకు కోసం తాగింది. వాకిట్లో నీడ గడప మీదికి ఎక్కింది. బయట ఒక కోడి పిల్లలను పిలుచుకుంటా పోయింది. ఆమె నుదుటి మీద పట్టిన చెమట ఆరిపోయింది.

చాలాసేపటికి రవణమ్మ కళ్లు తెరిచింది. తన అరచేతులు చూసుకుంది. కొడుకును చూసింది. నన్ను చూసింది. ఆ చూపుకు నేను గోడలోకి పోదామనుకున్నాను.

"ఒట్టి నీళ్లే" అన్నది.

నా జవాబు ఆమెకు అవసరం లేదు. మోకాళ్ల మీద పాకుతా కోటమ్మ పక్కకు పోయి, ఖాళీ చెంబు ఆమె దగ్గర పెట్టింది.

"నీ కోసమేనంట పెద్దమ్మా వాడు వచ్చింది" అన్నది. తర్వాత, "ఇంకొన్ని నీళ్లు పొయ్యి. దప్పిగ్గా ఉండాది" అన్నది.

కోటమ్మ చెయ్యి చాపింది. కడవ దాకా ఆ చెయ్యి లేవలేదు. పెంచలయ్య ఆ మణికట్టు కింద తన చెయ్యి పెట్టి ఎత్తినాడు.